పద్నాలుగో వరుసలో రాణి

"ఆగిపోయింది! చప్పుడు ఆగిపోయింది!"

పద్నాలుగో వరుసలోని ముసలాయన గబుక్కున లేవబోయి, సామాన్ల అరకు తల కొట్టుకుని మళ్లీ కూలబడ్డాడు. ల్యుబ్లియానాలో బయల్దేరినప్పటి నుంచీ ఆ చిన్న విమానంలో గట్టిగా వినబడిన మొదటి మాట అదే. ఆల్ప్స్ కొండల్ని కప్పేసిన తెల్లటి మేఘం మీద రెక్క కదలకుండా వాలినట్టుంది. విమానం ఎక్కడికీ పోవడం లేదనీ, లోకమే నెమ్మదిగా కిందనుంచి జారిపోతోందనీ అనిపించేలా ఉంది. సగంమంది కళ్లు మూసుకున్నారు.

పదిహేనో వరుసలో, ముందు సీటుకు మోకాళ్లు ఆనించి కూర్చున్న నేజా కోబల్ చదువుతున్న పుస్తకం మూసింది. మారిబోర్‌లో ఇరవై రెండేళ్లుగా ఆమె ప్రైవేట్ డిటెక్టివ్. పక్కనున్న బ్లాజ్ పదేళ్ల కిందట పోస్ట్‌మాన్ ఉద్యోగం మానేసి ఆమె దగ్గర చేరాడు. ఆమె పుస్తకం మూసిన తీరు చూసే అతను తన నోటుబుక్ తెరిచాడు.

"ఏం ఆగిపోయిందండీ?" అంది నేజా ముందుకు వంగి.

ముసలాయన అరచేతిలో అగ్గిపెట్టెంత చెక్కపెట్టె చూపించాడు. ఒకవైపు సన్నటి జల్లెడ. లోపల ఖాళీ.

"నా రాణి తేనెటీగమ్మా. దానికి తోడు ఆరు కూలి ఈగలు. ఎక్కినప్పుడు గుండె మీద జుమ్మని మోగుతూనే ఉన్నాయి. ఇప్పుడు చూస్తే ఇదీ సంగతి."

"జల్లెడ తెగిందా?"

"లేదు. అసలిది నా పెట్టే కాదు. నా పెట్టె మూల మీద మా అమ్మ పేరులోని మొదటి అక్షరం కాల్చి ఉంటుంది. ఎవరో మార్చేశారు!"

ఆయన పేరు అలోయిజ్. పోయినేడు వరదకి ఆయన తేనెపెట్టెలన్నీ కొట్టుకుపోయాయి. మిగిలింది ఒక్క గూడు, అందులో ఈ రాణి. వాళ్లమ్మ నాటి నుంచి వస్తున్న వంశంలో ఇదే ఆఖరు. జూరిచ్ దాటాక కొండల్లో ఉండే చెల్లెలు మింకా దగ్గర అదే వంశపు గూడు ఇంకొకటి ఉంది. పది రోజుల కిందట దాని రాణి చచ్చిపోయింది. రాణి లేని గూడు ఎన్నాళ్లో నిలవదు. తన గూట్లో ఈగలు ఎలాగూ బాగా తగ్గిపోయాయి, అందుకని తన రాణిని చెల్లెలికిచ్చేద్దామని బయల్దేరాడు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ. ఈగల పెంపకందార్ల పత్రికలో వేశారు. ఏ రోజు వెళ్తున్నానో కూడా వేశారు" అన్నాడాయన దిగులుగా.

ఎక్కగానే ఉక్కగా ఉంటే ఆయన కోటు విప్పాడు, పెట్టె దాని లోపలి జేబులోనే ఉంది. విమానం లేచేటప్పుడు ఒళ్లో ఏమీ ఉండకూడదని పరిచారిక లిదియా దాన్ని తీసి ఆయన తలపైనున్న అరలో పెట్టింది. ఇందాక ఆయన కోటు దించుకునేలోగా ఆ అర తెరిచింది ఇద్దరే. కిటికీ పక్కన కూర్చున్న ఉర్స్ అనే స్విస్ పెద్దమనిషి వార్తాపత్రిక తీసుకున్నాడు. దారికి అవతల కూర్చున్న రొమానా అనే నలభై ఏళ్లామె తన పొడుగు కోటు తీసుకుంది.

నేజా ముందుగా లిదియాను పిలిచింది.

"నేనెందుకు తీస్తానండీ?" అంది లిదియా కళ్లనీళ్లు పెట్టుకుని. "నిజానికి ఈ రోజు నాకు డ్యూటీయే లేదు. మా స్నేహితురాలికి జ్వరమని తెల్లారి ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చాను. కోటులో ఈగలున్నాయని తెలిస్తే అసలు ముట్టుకునేదాన్నే కాదు!"

ఉర్స్ తల మీది గాలి గొట్టం పూర్తిగా తిప్పి, చల్లగాలికి జుట్టు ఎగురుతుండగా పత్రిక చదువుతున్నాడు. ఒంటి మీద అత్తరు ఘుమఘుమలాడుతోంది.

"ఈగ పోయిందని విచారణా? మా వంటింట్లో బోలెడున్నాయి, పది పంపిస్తాను" అన్నాడు.

"ఈగంటావా? ఇంకోసారి అను చూద్దాం!" అని అలోయిజ్ లేవబోయాడు. నేజా ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

రొమానా పక్క సీటు ఖాళీ. ఉక్క తగ్గకపోయినా ఆమె కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని ఉంది. తల మీది గాలి గొట్టం, పక్కసీటు మీదిది రెండూ బిగించి ఉన్నాయి. ముందున్న బల్ల మీద కాగితపు గ్లాసులో నీళ్లు, దాని పక్కన మూల తడిసిన రుమాలు.

"మంచినీళ్లు తాగలేదేం?"

"దాహం తీరిపోయిందండీ."

"ఒంట్లో బాగాలేదా?"

"చలిగా ఉంది, అంతే." ఎడమచేతి చిటికెన వేలికి వదులుగా ఉన్న నీలంరాయి ఉంగరాన్ని బొటనవేలితో తిప్పుతూ చెప్పిందామె. కుడిచెయ్యి కోటు లోపలే ఉంది.

నేజా తన సీటులోకి వచ్చింది. "నువ్వు రాసుకున్నవి చదువు బ్లాజ్."

అతను గొంతు తగ్గించి చదివాడు. "రొమానా అనే ఆమె ఎక్కేటప్పుడు కుడిచేతికి నీలంరాయి ఉంగరం. విమానం లేచాక కోటు తీసుకుంది. కాసేపటికి నీళ్లడిగింది, ఐసు వద్దు, గ్యాసు కలిపినవి వద్దు అంది. అంతకుముందు ఆమె కోటు తీసుకున్నప్పుడు నాకు ముగ్గిన అరటిపండు వాసనొచ్చి ఆకలేసింది. తీరా చూస్తే ఇచ్చింది ఒక చాక్లెట్ ముక్క." సిగ్గుపడుతూ తలెత్తాడు. "ఆఖరిది కేసుకు పనికిరాదు మేడమ్. కొట్టేస్తాను."

"కొట్టేయకు. ఎవరి చేతిలోనైనా పండు చూశావా?"

"లేదు మేడమ్."

నేజా నవ్వి, లిదియాతో గుసగుసగా ఏదో చెప్పింది. విమానం మేఘంలోకి దిగింది. కిటికీలన్నీ పాలు పోసినట్టయ్యాయి. అలోయిజ్ ఖాళీ పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఇంకా వింటూనే ఉన్నాడు.

జూరిచ్‌లో మంచుతెర. ఇలాంటి చిన్న విమానాల్లో పెద్ద సంచులు పై అరల్లో పట్టవు. ఎక్కేటప్పుడే మెట్ల దగ్గర చీటీ కట్టి తీసుకుంటారు, దిగాక అక్కడే ఇస్తారు. అందరూ సంచులు అందుకుని బస్సెక్కారు. లిదియా రెండు సంచులు మాత్రం ఆఖరుకు ఉంచింది, ఉర్స్‌దీ రొమానాదీ. మెట్ల కింద ఆ ఇద్దరూ, లిదియా, అలోయిజ్ మిగిలారు. నేజా బ్లాజ్‌తో కలిసి వాళ్ల మధ్యకు వచ్చింది.

"దొంగతనం చేసినవాళ్లు ఖాళీ పెట్టె వెంట తెచ్చుకున్నారు. అంటే ఇది ముందే అనుకుని చేసిన పని. తాను ఈ విమానంలోకి వస్తానని తెల్లారేదాకా లిదియాకే తెలియదు. కాబట్టి ఆమె కాదు."

లిదియా గుండెల మీద చెయ్యేసుకుంది.

"రాణి ఈగను దొంగిలించినవాళ్లు దాన్ని బతికించుకోవాలి. చల్లగాలి తగలనివ్వరు, ఘాటు వాసనలు పూసుకోరు. ఉర్స్ గారు రెండూ చేశారు. ఈయన దగ్గరుంటే ఈపాటికి రాణి చచ్చి ఉండేది."

"థాంక్స్ అనాలా?" అని గొణిగాడు ఉర్స్.

"రొమానా గారు అంత ఉక్కలో కోటు తొడుక్కుని, రెండు గాలి గొట్టాలూ కట్టేశారు. నీళ్లు తెప్పించుకుని తాగలేదు. రుమాలు మూల తడిపి, ఈగలు తాగడానికి జల్లెడకు అద్దారు. ఇక అరటిపండు. తేనెటీగ కుడితే సరిగ్గా ఆ వాసనే వస్తుంది. పెట్టె మారుస్తూ కంగారులో జల్లెడ మీద వేలు నొక్కారు, ఒక ఈగ కుట్టింది. వేలు వాస్తే ఉంగరం బిగుసుకుపోతుందని ఈగల మనిషికి తెలుసు కాబట్టి, వెంటనే తీసి ఎడమచేతికి మార్చారు. కుడిచెయ్యి చూపిస్తారా?"

రొమానా కుడిచెయ్యి బయటికి తీసింది. ఉంగరపు వేలు ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ వేళ్ల మధ్య చెక్కపెట్టె, దాని మూల మీద కాల్చిన అక్షరం. మంచులో ఆ సన్నటి జుమ్మనే చప్పుడు అందరికీ వినబడింది. ఉర్స్ కూడా ఊపిరి బిగబట్టి విన్నాడు.

"శీతాకాలంలో నా గూళ్లు పదకొండూ చచ్చిపోయాయి" అంది రొమానా. "ఈ వంశం పిల్ల రాణి ఒక్కటివ్వమని మీకు మూడు ఉత్తరాలు రాశాను అలోయిజ్ గారూ. కాదనైనా మీరు రాయలేదు."

ముసలాయన తల దించుకున్నాడు. "మా ఆవిడ పోయాక ఉత్తరాలు విప్పడం మానేశానమ్మాయ్. అన్నీ ఒక బుట్టలో పడున్నాయి."

"పోలీసుల్ని పిలవమంటారా?" అడిగాడు బ్లాజ్.

అలోయిజ్ దగ్గరకు వెళ్లి, జల్లెడ మీదికి వంగి చూశాడు. రాణి నడుస్తోంది. పెట్టె అందుకోబోయిన చెయ్యి మధ్యలో ఆగింది. ఆయన వేళ్లు చలికి నీలంగా ఉన్నాయి.

"తిరిగి లోపల పెట్టుకో" అన్నాడు. "నా చేతులు మంచుగడ్డలు. నీ ఒంటి వేడికి అది అలవాటు పడింది. మింకా ఇంటిదాకా నువ్వే మొయ్యాలి. నేను నీ పక్కనే ఉంటా, పారిపోయావంటే మాత్రం అరిచి గోల చేస్తా. ఆ గూడు కోలుకుంటే వేసవిలో పిల్ల రాణుల్ని తీద్దాం. ఒకటి నీకిస్తా. కానీ ఈసారి అడిగి తీసుకో."

రొమానా పెట్టె కోటులో దాచుకుని, ఎడమచేత్తో ఆయన సంచి అందుకుంది.

గంట తర్వాత స్టేషన్‌లో కాఫీ తాగుతూ నేజా, బ్లాజ్ వాళ్లను మళ్లీ చూశారు. కొండలవైపు వెళ్లే రైలు కిటికీ దగ్గర అలోయిజ్ నిద్రపోతున్నాడు. ఆయన తల రొమానా భుజం మీదికి ఒరిగిపోయింది. ఆమె బిగుసుకుని కూర్చుని ఉంది. కదిలితే ఆయన లేస్తాడనో, గుండె దగ్గరున్నది కలత పడుతుందనో, కన్నీళ్లు కూడా తుడుచుకోకుండా ఎదురుగా చూస్తోంది.

"ఈ కేసు చివర ఏం రాయమంటారు మేడమ్?"

రైలు చప్పుడు లేకుండా మంచులోకి కదిలింది. నేజా అది కనబడినంత సేపూ చూసింది.

"రాణి బతికే ఉందని రాయి" అంది.