బెంగమాని

కావిపేటకు కొత్తగా వచ్చినవాళ్ళు నిద్ర లేవగానే చేసే మొదటి పని ముంజేయి చూసుకోవడం. అంగారకుడి మీద గుమ్మటం కింద కట్టిన ఆ ఊరికి ప్రభుత్వ కాగితాల్లో 'నాలుగవ నివాస కేంద్రం' అని పేరు. బయట కనిపించే మట్టి రంగును బట్టి తెలుగువాళ్ళు కావిపేట అన్నారు. అదే నిలిచిపోయింది.

ముంజేతికి ఉండేది బెంగమాని. వేలెడు వెడల్పున్న పట్టీ. చెమటలోని కార్టిసాల్ అనే ఒత్తిడి రసాయనాన్నీ, నాడి వేగాన్నీ, నిద్రలో ఊపిరి తీరునూ కలిపి లెక్కగట్టి, వదిలివచ్చిన చోటు మీద మనిషికి ఎంత బెంగ ఉందో సున్నా నుంచి వంద దాకా ఒక అంకెగా చూపిస్తుంది. బెంగనూ మామూలు అలసటనూ వేరు చేయడానికి వారానికోసారి శబ్దాల గదిలో కూర్చోబెట్టి ఊరి చప్పుళ్ళు వినిపిస్తారు. అలసిన ఒంట్లో అవి ఏ మార్పూ తేవు. బెంగపడ్డ ఒంట్లో తెస్తాయి.

దీన్ని తయారుచేసింది డాక్టర్ పైడితల్లి. ఇరవై రెండేళ్ళ కిందట మొదటి ఓడలో వచ్చింది. ఆ వచ్చిన మూడో ఏట ఒకతను ఎవరికీ చెప్పకుండా గాలితలుపు తెరుచుకుని బయటికి నడిచిపోయాడు. ఆ నడవాలో ఉన్న నలుగురు ఊపిరాడక చనిపోయారు. అతని బెంగ ముందే తెలిసి ఉంటే పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళం కదా అని ఆమె ఈ పరికరం చేసింది. నివాస మండలి దానికి వేరే ఉపయోగం కనిపెట్టింది. కొత్తవాళ్ళు రెండేళ్ళు పట్టీ కట్టుకోవాలి. సగటు నలభై దాటితే తిరుగు ఓడ ఎక్కాలి. మొదటి ఓడవాళ్ళకు మాత్రం పట్టీ అక్కర్లేదు.

హైమావతికి వచ్చే మంగళవారంతో రెండేళ్ళు నిండుతాయి. ఆమె పరికరాల గదిలో పట్టీలు శుభ్రం చేసి, సరిచూసి, కొలతల జాబితా దిద్దే పని చేస్తుంది. భర్త జోగినాయుడు మంచుగనిలో పనివాడు, ఆమె కంటే ముందు వచ్చి నివాసపత్రం తెచ్చుకున్నాడు. పాపకు పదకొండు నెలలు. ఇక్కడ పుట్టిన పిల్లల ఎముకలు భూమి మీది బరువుకు ఆగవు కనుక వాళ్ళను ఓడ ఎక్కనివ్వరు. తల్లి వెళ్ళవలసి వస్తే ఒంటరిగానే వెళ్ళాలి.

అయినా హైమావతి భయపడలేదు. తన సగటు ముప్పై ఒకటని ఆమెకు తెలుసు. అది అంత తక్కువగా ఉండడానికి కారణం పైడక్క, అదే డాక్టర్ పైడితల్లి, అని కూడా తెలుసు.

దిగిన రోజునే పైడితల్లి వరుసలో ఉన్న ఆమె దగ్గరికి వచ్చి, "ఏ ఊరమ్మా?" అని అడిగింది.

"బొబ్బిలి దగ్గరండి."

"అండీ గిండీ ఎందుకే. మాది విజీనారం. అక్కా అను చాలు."

కడుపుతో ఉన్నన్నాళ్ళూ పైడక్క తన వాటా పప్పులోంచి తీసి స్టీలు గిన్నెలో పెట్టి తెచ్చేది. తొట్టెల్లో పెంచే పచ్చ నాచుతో చేసిన పులుసు తెచ్చేది. "రుచి అడగకు. వేడిగా ఉన్నాది, తినెయ్" అనేది. పురిటినాడు చెయ్యి పట్టుకుని కూర్చున్నది కూడా ఆమే.

ఆ గిన్నె తిరిగి ఇవ్వడం హైమావతికి నెలల తరబడి చిక్కయింది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. చిటికెడు పంచదారో, నాలుగు పలుకులో వేసి ఇవ్వాలి. కావిపేటలో సరుకులు గ్రాముల లెక్కన వస్తాయి, మిగలవు. ఆమె దగ్గర ఉన్నదొక్కటే, అత్తగారు నీడన ఎండబెట్టి దంచి ఇచ్చిన చింతచిగురు పొడి. జాకెట్టు కుట్టులో దాచి తనిఖీ దాటించింది. ఆ సంగతి జోగినాయుడికి కూడా చెప్పలేదు, చెబితే ఒక్కపూటలో అయిపోయేది. రెండు చెంచాల పొడిలో ఒక చెంచా గిన్నెలో వేసి మూత పెట్టింది.

"ఏటే ఇది?" అంది పైడక్క మూత తీసి.

"ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదక్కా."

పైడక్క వాసన చూసింది. మూత వేసుకుని వెళ్ళింది. ఎనిమిది రోజులు మళ్ళీ కనబడలేదు. పని ఎక్కువగా ఉందని కబురు పంపింది.

ఇది జరిగిన మూడు నెలలకు, శుక్రవారం మధ్యాహ్నం, హైమావతి ఫలితం వచ్చింది. నలభై ఆరు.

ఆమె ఏడవలేదు. పరికరాల గదిలో పనిచేసే మనిషి కనుక ఎక్కడ చూడాలో తెలుసు. అసలు సగటు ముప్పై ఒకటి. దాని పక్కన వైద్యాధికారి దిద్దుబాటు, పదిహేను. కింద కారణం: 'స్వస్థలపు తినుబండారం దాచి తెచ్చుకోవడం స్వయంగా గమనించాను. బెంగను పైకి తేలనివ్వని లక్షణం.' ఆ కింద పైడితల్లి సంతకం.

హైమావతి పాపను పక్కింటావిడకు ఇచ్చి, ప్రయోగశాలకు నడిచింది.

పైడితల్లి ఏదో అద్దం తుడుస్తోంది. తల ఎత్తి, "వచ్చేవా? కూర్చో" అంది.

"నేను గిన్నెలో వేసి ఇచ్చిందాన్ని నా మీదే రాసేవా అక్కా?"

"అలాటివి రాయాలని నిబంధన ఉన్నాది హైమా. నేనేటి చెయ్యమంటావు?"

"నిబంధన ఆ రోజూ ఉన్నాది. పొడి తిన్నావా, పారబోసేవా?"

పైడితల్లి తుడవడం ఆపింది. "తిన్నాను. వేలితో గిన్నె అడుగు దాకా నాకేను."

"నా పిల్లకి నడకయినా రాలేదక్కా."

పైడితల్లి అద్దం పక్కన పెట్టింది. సొరుగు తెరిచి ఒక పట్టీ తీసి తన ముంజేతికి చుట్టుకుంది. కాసేపటికి అంకె వెలిగింది. తొంభై ఒకటి. హైమావతి తన చేతులతో వందల పట్టీలు సరిచూసింది. అంత అంకె ఎన్నడూ చూడలేదు.

"పాడయిందేమో" అంది.

"పాడవలేదు. మీరెవరూ లేనప్పుడు ముప్పైకి దిగుతాది. ఓడ వచ్చిన ప్రతిసారీ మీలో ఎవరో ఒకరు మా ఊరిని తెచ్చి నా ముందర పెడతారు. ఒకడు మా వీధి పేరు చెప్పేడు. ఒకామె గాజులు వెనక్కి తోసుకోడం అచ్చం మా పిన్నిలాగుండేది. నీ పొడి తిన్నాక ఎనిమిది రోజులు నాకు కునుకు లేదే. నిన్ను చూసినప్పుడల్లా ఆ పులుపు నోట్లోకి వస్తాది."

"ఎంతమందిని పంపేవు?"

"నీతో ఏడుగురు." పైడితల్లి పట్టీ విప్పింది. "వెళిపోయేదానివి కదా అని చెప్పుకున్నాను. ఎవరితోనూ అనకు తల్లీ."

చేతికి చుట్టిన ప్రతి పట్టీ కొలతా పరికరాల గది జాబితాలో పడుతుంది. అది పైడితల్లికి తెలుసు. ఆ జాబితా చూసేది హైమావతే అని కూడా తెలుసు. చూసినా బయట పెట్టదని నమ్మింది.

తిరిగి నడుస్తూ హైమావతి ఆలోచించింది. ఆ తొంభై ఒకటిని మండలికి పంపితే, అంత బెంగ ఉన్న పైడక్క చేసిన దిద్దుబాట్లేవీ చెల్లవు. తను ఉండిపోతుంది. కానీ పురిట్లో చెయ్యి పట్టుకున్న మనిషి. ముందు ఇంకో దారి చూద్దామనుకుంది. వెళ్ళవలసినవాళ్ళు కోరితే ఒక్కసారి పునఃకొలత తీస్తారు. అందులో దిద్దుబాటు ఉండదు. ఇరవై లోపు వస్తే మొదటి తీర్పు రద్దవుతుంది. ఇంతవరకు ఎవరికీ రాలేదు. పంపేస్తారన్న భయంలోనే అందరికీ బెంగ రెట్టింపయ్యేది.

ఆమె శబ్దాల గదిలో కూర్చుంది. రేకుల మీద వాన పడింది. కుక్కర్ కూసింది. బస్టాండులో ఎవరో బస్సుల పేర్లు గుక్క తిప్పుకోకుండా అరిచారు. చివరికి ఒక ఆడగొంతు, ఉత్తరాంధ్ర యాసలో, "ఏమ్మా, తిన్నావా?" అంది. రెండేళ్ళుగా ఆ మాట దగ్గరే ఆమె నాడి పరుగెత్తేది.

ఈసారి ఆమె ఆ గొంతుకు ఎంత వయసుంటుందో అనుకుంది. అంతే.

"ఆరు" అంది గదిలోని కొలత యంత్రం. "కావిపేటలో నమోదైన అతి తక్కువ కొలత ఇది. తీర్పు రద్దయింది. మీరిక ఇక్కడివారే."

హైమావతి తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఈ రోజు జాబితాలో డాక్టర్ పైడితల్లిగారి కొలత ఒకటుంది" అంది.

"ఉంది. మీ తీర్పుకు దానితో సంబంధం లేదు. మీరు ధ్రువీకరించకపోతే రేపటికి చెరిగిపోతుంది."

"ధ్రువీకరిస్తే?"

"ఎనభై దాటినవారు ఎప్పుడు వచ్చినవారైనా మంగళవారం ఓడలో వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళు ఇక్కడున్న ఎముకలు అక్కడి బరువును ఎక్కువ కాలం మోయలేవని వైద్య సూచన ఉంది. ధ్రువీకరిస్తారా?"

వెళ్ళిపోయిన వాళ్ళను తలుచుకుంది హైమావతి. ఇక ముందు ఓడ దిగబోయేవాళ్ళ కోసమే ఈ పని అని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట నిజమైతే పైడక్క కోసం గుండె కొంచెమైనా వేగంగా కొట్టుకోవాలి కదా అని ముంజేయి చూసుకుంది. అంకె ఆరు దగ్గరే ఉంది.

"ధ్రువీకరించు" అంది. పాపకు పాల వేళ అవుతోందని నడక పెంచింది.