రొట్టె తిన్నాక చెప్పిన మాట

నబుయోంగా నది పొంగి ఎంబాలె బజారులోకి వచ్చిన ఏడు అది. కొండ కింద తోటలు పోయాయి. ఎనోషు వాళ్ల చిక్కుడు చేనూ పోయింది.

ఆ ఏడే హైఫాలో యూదు పిల్లల ఆటల పోటీలు. దేశదేశాల నుంచి వస్తారు. మా కొండ మీది యూదుల్లోంచి పరుగు పందేనికి ఇద్దరిని ఎంచారు: ఎనోషు, నౌమె. ఇద్దరికీ పద్దెనిమిది.

ఎనోషు రాలేనేమో అన్నాడు. చేను మళ్లీ వెయ్యాలి, అమ్మ ఒక్కతే. నౌమె నాన్న యోకాన మొండికేశాడు.

"మనవాడు ఒకడు తోడు లేకుండా నా పిల్లని పంపను. శనివారం సబ్బాతు దాటగానే కోచ్‌కి ఫోన్ చేసి వస్తారో రారో చెప్పేస్తా."

శుక్రవారం మధ్యాహ్నం ఎనోషు అమ్మ విత్తనాలు ఏరుతూ అంది. "చేను నేను చూసుకుంటాలే. నువ్వు పోరా. ఆ ఏడుపు మొహం చూడలేకపోతున్నా."

సాయంత్రం సబ్బాతు విశ్రాంతి మొదలైంది. ప్రార్థన అయింది. ఎనోషు పెరట్లో చేతులు కడిగి దీవెన పలికాడు. ఇక రొట్టె నోట్లో పడేదాకా మాట్లాడకూడదు. సరిగ్గా అప్పుడే కంచె అవతల నౌమె ఆగింది.

"ఏయ్ ఎనోషూ! వస్తున్నావా, లేదా?"

వాడు కళ్లు పెద్దవి చేశాడు.

"నిన్నే! నువ్వు రాకపోతే నన్నూ పంపరు. అవునో కాదో చెప్పు."

వాడు తల అడ్డంగా ఊపాడు. మాట్లాడకూడదని. చీకట్లో తడి చేతులు ఆమెకు కనిపించలేదు.

"రావా? సరే. చిక్కుళ్లనే చేసుకో పెళ్లి!"

వెళ్లిపోయింది. ఎనోషు లోపలికి వెళ్లి, గబగబా రొట్టె మింగి, రెండిళ్ల మధ్య ఉన్న వాగు దాకా వచ్చాడు. వాన మొదలైంది. పిలిచాడు. వినపడలేదు.

రాత్రంతా కురిసింది. వాగు నిండింది. శనివారం ఎవరూ ఇటూ అటూ దాటలేదు. సబ్బాతు నాడు ఫోన్ ముట్టరు. సాయంత్రానికి నీళ్లు నడుము లోతుకి దిగాయి.

ఎనోషు బయలుదేరాడు.

"సబ్బాతు నాడు పరుగేంట్రా?" అంది అమ్మ. "నడువు!"

కొండ మొత్తంలో వేగంగా పరుగెత్తేవాడు నడిచాడు. మూడు చుక్కలు కనిపిస్తేనే సబ్బాతు దాటినట్టు. ఒకటి కనిపించింది. వాగులో ఉండగా రెండోది. తర్వాత మబ్బు. గట్టెక్కి మెడ నొప్పెట్టేలా చూశాడు. మబ్బు జరిగింది. మూడోది!

అప్పుడు పరుగెత్తాడు, హైఫాలో కూడా అలా పరుగెత్తలేడేమో.

యోకాన సబ్బాతు ముగింపు దీపం ఆర్పి ఫోన్ కింద పెడుతున్నాడు.

"అయ్యా, ఆగండి! నేనూ వెళ్తున్నా!"

"తెలుసురా. రెండు పేర్లూ చెప్పేశా. ముందు ఆ బురద కాళ్లు బయట పెట్టు."

ఎనోషు గుమ్మంలోనే కూలబడ్డాడు.

నౌమె నీళ్ల చెంబుతో వచ్చింది. నవ్వు ఆపుకుంటోంది.

"నిన్న ఇంటికొచ్చి చేతులు కడిగానా, తమ్ముడు ఏదో అడిగాడు. తల అడ్డంగా ఊపాను. నీ తల ఊపు అప్పుడు అర్థమైంది. పెదాలు బిగబట్టి ఎంత నవ్వానో! రొట్టె తినగానే నాన్నకి చెప్పేశా, నువ్వు తప్పక వస్తావని."

"మరి నాకు చెప్పలేదేం?"

"వాగు నీ ఒక్కడికే నిండిందా?"

వాడు చెంబు అందుకుని కాళ్ల బురద కడగసాగాడు. ఆమె అక్కడే నిలబడింది.

"వస్తానని చెప్పడానికేనా ఇంత దూరం? ఇంకేం లేదా?"

వాడు ఇంకా బురద తోముతూనే ఉన్నాడు.

"ఏం బాబూ, ఇప్పుడూ చేతులు కడుక్కున్నావా?"

లోపల యోకాన దగ్గాడు. ఎనోషు లేచి ఇంటిదారి పట్టాడు.

తెల్లారింది. ఎనోషు చేతులు కడిగాడు. రొట్టె తిన్నాడు. ఇంకో ముక్క కూడా తిన్నాడు, మళ్లీ అడ్డం రాకుండా. వాగు దాటి నౌమె వాళ్ల కంచె దగ్గరికి వెళ్లి, ఆమె కోళ్లకు గింజలు చల్లుతుంటే, నువ్వంటే ఇష్టమనే ఆ మాట చెప్పేశాడు.