పుల్లబడిన డికాషన్

రోడ్డుకు అవతల, మంజునాథ్ అంగడిలో, పుష్పావతి కాఫీ తాగుతోంది. చూసిన నాకు ఒళ్లంతా కారం పూసినట్టయింది.

హోసూరు బస్టాండు ఎదుట నా కాఫీ అంగడికి ఏడాదిగా ఆమె రోజూ వచ్చేది. కంపెనీ బస్సు వచ్చేలోపల ఒక కాఫీ, నాతో రెండు తగాదాలు. మొన్న జూన్‌లో మంజునాథ్ ఎదురుగా స్టీము మెషిన్ పెట్టాడు. అది బుస్సుమన్నప్పుడల్లా వాడే నన్ను చూసి నవ్వినట్టుండేది.

"ఆదివారం మంజునాథోళ్లు పుష్పావతిని పెళ్లిచూపులు చూసేదానికి పోతారంట, తెలుసునా శశీ?" అన్నాడు రోజూ వచ్చే మారియప్ప. గ్లాసు పక్కన పెట్టి, "నీ కాఫీ కూడా పుల్లగా ఉందప్పా" అని ఇంకో వాత పెట్టాడు.

పాలు మార్చాను. పొడి మార్చాను. పులుపు పోలేదు, నా కడుపుమంటా పోలేదు.

శుక్రవారం పొద్దున వానలో పుష్పావతి రోడ్డు దాటి నా అంగడికే వచ్చింది.

"మంజునాథ్ ఎట్లున్నాడు?" అన్నాను.

"నేను తాగింది కాఫీనప్పా, ఆయప్పను కాదు."

"మరి ఆడికే పోవాల్సింది."

"నాలుగు దినాలు నీ పుల్ల కాఫీ నోరు మూసుకొని తాగినాను. ఐదో దినం కడుపు ఒప్పలేదు. అది నా తప్పా? నీళ్లు మార్చినావా?"

"కెలవరపల్లి డ్యాము నుంచి సైకిల్ మీద మోసుకొచ్చినాను."

పకపకా నవ్వింది. ఇత్తడి ఫిల్టరు పైగిన్నె లాక్కొని, వెలుగుకు పట్టి, జడలోని పిన్నుతో అడుగు బొక్కల్లో పొడిచింది. గోధుమరంగు పీచు బయటికి వచ్చింది. వాసన చూసి నావైపు తిరిగింది.

"చింతపండు! లోపల కూడా చింతపండుతో తోమినావా? ఎవురికి చూపించేదానికి?"

ఇక దాచలేకపోయాను.

"నీకే! రోజూ ఈ ఫిల్టరులో ముఖం చూసుకొని బొట్టు సర్దుకుంటావు. వాని మెషిన్ అద్దం మాదిరి మెరుస్తా ఉంది. ఇంక ఆడ చూసుకుంటావని భయపడినాను. అందుకే పొద్దునా సాయంత్రం తోమినాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మరిగే నీళ్లతో గిన్నెను మూడుసార్లు కడిగి, కొత్త పొడి వేసి, డికాషన్‌కు పెట్టింది. బయట బస్సు హారన్ మోగింది. ఆమె కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది.

డికాషన్ దిగాక కాఫీ కలిపి, ఒక గుక్క తాగి, గ్లాసు నా చేతికిచ్చింది. పులుపు లేదు.

"మరి ఆదివారం?" అన్నాను.

"వాళ్లు వచ్చేది ఆదివారం. మీ అమ్మను పిలుచుకొని నువ్వు రేపే రా. మా నాయన చేత నేను సరే అనిపిస్తాను."

"నీకు సరేనా?"

"కంపెనీ బస్సు పోనిచ్చి ఈడే నిలబడినాను. ఇంకా అడుగుతావా?"