తాయారమ్మత్తకు చెప్పిన ముగింపు

ఈ తెలుగు అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారే గాని చదవడం ఎవరికీ రాదు. నాగేశ్వరయ్య కొట్లో పొట్లాలు కట్టే పాత పేపర్లు చూసి నేనే కూడబలుక్కున్నాను. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో ఎవరి చేతిలో పడినా చదవలేరు.

మాది పుదుచ్చేరిలో సారం అనే పేట. నాన్నకు మిల్లులో పని. ఇది ఎనభై ఎనిమిదో సంవత్సరం. మా వీధికంతా ఒకే టీవీ, అది నాగేశ్వరయ్య ఇంట్లో. ఆదివారం సాయంత్రం మద్రాసు నుంచి 'ఉప్పుదీవి' అని అరవ సీరియల్ వచ్చేది, ఏడాదికొక భాగం చొప్పున. సముద్రపు రాజు ఎత్తుకుపోయిన నీలవేణి అనే పిల్ల, ఒడ్డున కాచుకున్న ఆమె తల్లి, మధ్యలో మాయలు, మంత్రాలు. మొదటి రెండు భాగాలూ ఎంత బాగా రాశారంటే, ఆ అరగంట వీధిలో కుక్క కూడా అరిచేది కాదు.

మా పక్కింటి తాయారమ్మత్త మాత్రం వచ్చేది కాదు. కాళ్ళు పడిపోయాయి, కళ్ళకు పొర. ఒంటి మనిషి. అన్నం మా అమ్మే తీసుకుపోయి పెట్టేది. కూతురు గిరిజ నాకంటే రెండేళ్ళు పెద్ద. నాలుగేళ్ళ కిందట మాసిమగం పండగ నాడు సముద్ర స్నానానికి దిగి అలలో పోయింది. పిళ్ళైచావడి ఒడ్డు దాకా వెతికారు. ఏమీ దొరకలేదు. అత్త ఆ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. కాని సీరియల్ అయిపోగానే నేను పోయి ఆమె గడప మీద కూర్చుని కథంతా చెప్పాలి. అది మా ఇద్దరి వాడుక.

"నీలవేణి ఇంటికొచ్చిందా?"

"ఇంకా రాలేదత్తా."

"సెరి. వస్తాదిలే."

ప్రతి వారం ఇదే.

మూడో భాగంలో కథ చెడిపోవడం మొదలయింది. రాసేవాళ్ళు అలిసిపోయారో, తొందరపడ్డారో. ధైర్యవంతులు ఊరికే ఏడ్చారు. రెండేళ్ళుగా ముడివేసిన ముడులు గుర్తే లేనట్టు వదిలేశారు. ఆఖరి ఆదివారం, ఇంకా రెండు నిమిషాలు ఉందనగా, ఎవరో సాధువు వచ్చి "నీ కూతురు నురుగైపోయింది, మరిచిపో" అన్నాడు. తల్లి లోపలికి పోయి తలుపు మూసుకుంది. పాట. అయిపోయింది.

నాగేశ్వరయ్య లేచి టీవీ ఆపేశాడు.

"అంతేనా?" అన్నాడు నాన్నతో పాటు మిల్లులో చేసే వీరాసామి మామ. "దీనికేనా నేను మూడేళ్ళు ఆదివారం ఓవర్‌టైం ఒదులుకునింది? మా యూనియన్ మీటింగే మేలబ్బా. ఆడైనా కడాకు టీ ఇస్తారు."

"టీ కావాలంటే ఇంటికి పో మామా," అంది నాగేశ్వరయ్య భార్య కన్యకాపరమేశ్వరి, టీవీకి గుడ్డ కప్పుతూ. "రాసినోడు యాడన్నా కండ్ల పడితే నేనే ఇస్తా వానికి."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోతోంది.

అత్త అప్పటికే గడప దాకా జరిగి కూర్చుని ఉంది.

"వచ్చిందా మే?"

నురుగు అని చెప్పడానికి నోరు రాలేదు. జాలి అని చెప్పుకోవచ్చు. అది సగమే నిజం. మిగతా సగం పొగరు. ఆ రాసినవాళ్ళకంటే బాగా నేను ముగించగలను అనిపించింది.

"వచ్చిందత్తా," అన్నాను.

ఇక ఆగలేదు. సముద్రంలో పోయినవాళ్ళు వెలుతురు దాటలేరని మొదటి భాగంలోనే చెప్పారు. దాన్ని పట్టుకుని అల్లాను. తల్లి మూడు సాయంత్రాలు, దీపం పెట్టే వేళకు ఇంట్లో దీపం ఆర్పేస్తుంది. తలుపు తీసి, గడప మీద చెంబుతో సముద్రం నీళ్ళు పెడుతుంది. కూతుర్ని పేరు పెట్టి పిలుస్తుంది, పూటకు ఒక్కసారే. మూడో సాయంత్రం అడుగులు వినిపిస్తాయి. ఎవరని అడగదు. కూతురు లోపలికి వస్తుంది.

అత్త కళ్ళు తుడుచుకుంది. "బాగా రాసినారు మే," అంది. ఆ రాత్రి నాకు నేనే శెబాష్ చెప్పుకుని పడుకున్నాను.

సోమవారం, చేపలమ్మే మణియమ్మ నన్ను ఆపింది. "తాయారమ్మకు సముద్రం నీళ్ళెందుకు మే? అడిగి తెప్పించుకునింది."

నాకు అర్థమయింది. ఆ క్షణంలోనే అర్థమయింది. "కాళ్ళకు పోసుకుంటాదేమో," అని వచ్చేశాను.

బుధవారం, మూడో సాయంత్రం, వాన. కరెంటు పోయింది. ఒక్కో ఇంట్లో దీపాలు వెలిగాయి. అత్త ఇల్లు మాత్రం చీకటి. తలుపు బార్లా తీసి ఉంది.

చెప్పేయాలి, ఇప్పుడైనా చెప్పేయాలి అనుకుంటూ పరిగెత్తాను. గడప మీది చెంబు దాటి లోపలికి పోయాను. ఎప్పుడూ కాళ్ళకు రాసే నూనె వాసన వేసే ఇల్లు అది. ఆ రోజు తడి ఇసుక వాసన... నానిన వలల వాసన...

"అత్తా..."

"మెల్లగా మే." గుసగుస. గోడవార నుంచి. "వచ్చేసింది."

"యాడ?"

"నీ ఎనకనే."

బయట వాన ఒకే ధారగా పడుతోంది. నా వెనక మాత్రం ఒక్కో చుక్క... ఆగి... ఇంకో చుక్క. ఇంటి కప్పు కారే చోటు కాదది. మెడ మీద చల్లగా తగిలింది. పెదాలు ఉప్పగా అయ్యాయి.

వెనక్కి తిరగలేదు.

"అత్తా... అది అబద్ధం. టీవీలో అట్లా రాలేదు. నేనే కల్పించినాను."

చుక్కలు ఆగాయి.

నా చెవి పక్కనే... మాట్లాడి చాలా కాలమయిన గొంతు.

"మరి... ఎట్ల అయిపోయింది?"

ఏదో ఒకటి అల్లి ఉండవచ్చు. ఆదివారం అంత సులువుగా అల్లినదాన్ని. ఆ పూట నా దగ్గర నిజం తప్ప ఏమీ లేదు. భయంతో అదే కక్కేశాను.

"నురుగైపోయింది. అమ్మ తలుపు మూసుకునింది."

"అంతేనా?"

అచ్చం ఆదివారం వీరాసామి మామ అన్నట్టే. కోపం లేదు. ఆశ పెట్టుకుని కూర్చున్నవాళ్ళు అనే మాట.

"అంతే," అన్నాను.

తడి పాదాలు గడప వైపు నడిచాయి. చెంబు దొర్లింది. అత్త చేతుల మీద ఈడ్చుకుంటూ వాకిట్లోకి పోయి "గిరిజా!" అని అరిచింది. మళ్ళీ అరిచింది. వాన తప్ప ఏమీ లేదు.

అప్పుడు నా వైపు తిరిగింది.

"నీ కథే బాగుండింది కదే. ఎందుకు చెడగొట్టినావు?"

ఇంటికి పరిగెత్తాను. అమ్మ దీపం ఎత్తి నా మొహం చాలాసేపు చూసింది. "తుడుచుకో," అని మాత్రం అంది.

అత్త ఇంకో పదకొండు రోజులు బతికింది. గంజి పోసేటప్పుడు అమ్మతో ఏదో గుసగుసలాడేది. నేను పోతే గోడ వైపు తిరిగేది. పన్నెండో రోజు పొద్దున లేవలేదు. చంపింది నేనే. అబద్ధంతో ఆమె కూతుర్ని రప్పించి, నిజంతో తరిమేశాను. ఏది తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

ఆమె కర్మం అయిపోయాక, అమ్మ దీపం పెట్టే వేళకు మా ఇంట్లో దీపం ఆర్పడం మొదలుపెట్టింది. నాన్నకు రాత్రి షిఫ్టు. ఈరోజు మూడో సాయంత్రం. తలుపు తీసింది. గడప మీద చెంబు పెట్టింది.

"ఏందమ్మా ఇది? ఎవరి కోసం?"

అమ్మ నా వైపు తిరగలేదు. "ఆ వానలో తాయారమ్మ ఇంటికి పోయిన నా కూతురు ఇంకా రాలేదు," అంది, చీకట్లోకి చూస్తూ.

తర్వాత నా పేరు పెట్టి పిలిచింది. ఒక్కసారే. "జయమ్మా!"

నేను ఆమె వెనక రెండు మూరల దూరంలో ఉన్నాను. ఇక్కడే ఉన్నానమ్మా అనబోయాను... వీధిలో అడుగులు వినిపించాయి.

వెనక గదిలోకి వచ్చి గడియ పెట్టుకున్నాను. చేతికందిన కాగితం మీద ఇదంతా రాస్తున్నాను. ముందు గదిలో అమ్మ అన్నం పెడుతోంది. "ఇంకొంచెం ఏసుకోమ్మా, చిక్కిపోయినావు" అంటోంది. ఈ నెల రోజుల్లో నాతో ఒక్కసారి కూడా అలా అనలేదు.

తింటున్నవాళ్ళు ఆగారు.

"ఎనక గదిలో ఎవరమ్మా?"

నా గొంతే.

అమ్మ ఇంకా జవాబు చెప్పలేదు.