బ్రేకు తొక్కి చూడనిదే

మంగళవారం సీతారాములుకు వారపు సెలవు. బస్తర్‌లోని బచేలి ఇనుప గనిలో ఇరవై రెండేళ్లుగా డంపర్ నడుపుతున్న మనిషి, వారానికి ఒక్క పూటైనా తీరిగ్గా టీ తాగకపోతే ఎట్లా? కానీ ఆ ఉదయం టీ గొంతు దిగేలోపే పాత టీవీ తెర మీద నిలువునా పచ్చగీతలు పడ్డాయి. ఇక క్వార్టర్‌లో వేరే ముచ్చటే లేదు.

"జగదల్‌పూర్ పోయి పెద్దది తెస్త. ఎదురింటి మంగల్ దానికన్నా పెద్దది," అన్నాడు ఛాతీ విరుచుకుని.

"పెద్దది వద్దు నాన్నా," అంది కూతురు లాస్య. "నలభై మూడు అంగుళాలు చాలు. కానీ బటన్ నొక్కంగనే తెర మీద కారు కదలాలె. ఆదివారం నా రేసు ఉంది."

లాస్యది డిగ్రీ ఆఖరి ఏడాది. కాలనీ పిల్లలకు ట్యూషన్లు చెప్పి తన సొంత సంపాదనతో గేమింగ్ కన్సోల్ కొనుక్కుంది. ఆన్‌లైన్‌లో జరిగే కారు రేసుల పోటీలో మొత్తం బస్తర్ నుంచి మిగిలింది తనొక్కతే. ఆదివారం గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు, రాయ్‌పూర్‌లో ఫైనల్స్. ఇంతకుముందు రెండుసార్లు ఆ గడప దాకా వెళ్లి, రెప్పపాటులో ఓడిపోయి వెనక్కి వచ్చింది. రెండుసార్లూ ఒకటే మాట చెప్పింది, టీవీ ఆలస్యం చేస్తోందని.

సీతారాములు పకపకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉన్నది నీ కత! ఓడిపోయింది నువ్వు, టీవీ ఏం చేసింది? ఈసారి గూడ ఓడితే ఆ గేము డబ్బా తీసి అటక మీద పెట్టు. సక్కగ చదువుకో."

లాస్య ముఖం చిన్నబోయింది. లోపలికి వెళ్లిపోయింది.

వంటింట్లోంచి భార్య సారలమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. "పొద్దుగాల్నే పిల్లను ఏడిపియ్యకుంటే నీకు చాయ్ అరగదా? దాన్ని గూడ తోలుకపో." తర్వాత గొంతు పెంచి, "లాస్యా! ఆ డబ్బా సంచిల పెట్టుకో బిడ్డా!" అంది.

బస్సులో తండ్రి పక్కనే కూర్చున్నా, జగదల్‌పూర్ దాకా లాస్య సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూసింది.

దుకాణంలో సేల్స్‌మన్ వినోద్ వాళ్లను నేరుగా అరవై అయిదు అంగుళాల టీవీ ముందు నిలబెట్టాడు. తెర నిండా జలపాతం, రంగురంగుల పిట్టలు. సీతారాములు నోరు తెరిచి చూస్తుండిపోయాడు. ఇది గోడకు పెడితే మంగల్ వారం రోజులు అన్నం తినడు.

"భయ్యా, నా కన్సోల్ కలిపి ఒకసారి ఆడి చూస్త," అంది లాస్య హిందీలో.

"అవసరం లేదు దీదీ. గేమ్ మోడ్ ఉంది, నొక్కగానే కదులుతుంది. గ్యారంటీ నాది," అన్నాడు వినోద్.

"ఏంది లాస్యా నీ లొల్లి? అంత మంచిగున్నదని ఆయనే చెప్తుంటే!" సీతారాములు గదిమాడు. దుకాణంలో ఉన్న నలుగురూ తిరిగి చూశారు.

లాస్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వెనక్కి తగ్గలేదు. "నువ్వు డ్యూటీ ఎక్కేటప్పుడు ముందు షిఫ్టాయన బ్రేకు మంచిగున్నది అంటే నమ్ముతవా నాన్నా?"

సీతారాములు చూపు తెర మీది నుంచి కూతురి మీదికి మళ్లింది. గనిలో ఆయన పేరే బ్రేకు సీతారాములు. ప్రాణస్నేహితుడు బండి అప్పగించినా సరే, తాను తొక్కి చూసుకోనిదే చక్రం కదలనివ్వడు. ఇన్‌చార్జ్ వచ్చి అరిచినా కదలనివ్వడు. ఆ మొండితనం తన కడుపున పుట్టిన పిల్లలో కనిపిస్తే ఇన్నాళ్లూ గుర్తుపట్టలేదే!

"పెట్టు," అన్నాడు. "ముందు నేను నడుపుత."

లాస్య తీగలు కలిపింది, గేమ్ మోడ్ కూడా వేసింది. సీతారాములు కంట్రోలర్ అందుకున్నాడు. మలుపు దగ్గర బ్రేకు నొక్కాడు. కారు పోయి గోడకు కొట్టుకుంది. మళ్లీ నడిపాడు. మళ్లీ గోడే.

"అలవాటు లేదు కదా బాబూజీ," అన్నాడు వినోద్.

"అలవాటు గాదు. నేను తొక్కిన. బండి ఆలస్యంగ ఇన్నది." ఆయన గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. కొండ దిగే వంద టన్నుల బండిని అరిపాదంతో ఆపిన మనిషికి ఆ రవ్వంత ఆలస్యం తెలియకుండా పోతుందా?

మూలన ఎవరూ పట్టించుకోని నలభై మూడు అంగుళాల టీవీకి కలిపి మళ్లీ ఆడాడు. నొక్కాడు, కారు ఆగింది. ఇంకోసారి నొక్కాడు, మలుపు ముందరి తెల్లగీత మీదే ఆగింది.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "మన ఇంట్ల పాతది ఆ పెద్దదానికన్నా మేలేనా బిడ్డా?"

"ఇంకా మెల్లగ ఉంటది నాన్నా."

"అసుంటి బ్రేకుతోని నడిపి అంతదాకా పోయినవా?" ఆయన కంట్రోలర్ పక్కన పెట్టాడు. "నేనైతే షిఫ్ట్ ఎక్కకపోదును. తప్పు నాది తల్లీ. నీ మాట ఒక్కనాడన్న ఇనకపోతి."

లాస్య తండ్రి భుజానికి ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ చిన్న టీవీనే బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు సీతారాములు.

ఆదివారం ఇంటి నిండా ట్యూషన్ పిల్లలు. మంగల్ కూడా వచ్చాడు. "ఇంత చిన్నదా భాయ్?" అన్నాడు.

"సైజు గాదు, బ్రేకు చూడు," అన్నాడు సీతారాములు.

ఆఖరి చుట్టులో లాస్య రెండో స్థానంలో ఉంది. ప్రతి మలుపుకూ సీతారాములు కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. చివరి మలుపులో ముందు కారు వేగం తగ్గించింది. లాస్య తగ్గించలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం... అప్పుడు నొక్కింది. కారు చెప్పిన మాట విని లోపలి పక్కనుంచి దూసుకెళ్లి ముగింపు గీత దాటింది.

ఇల్లు దద్దరిల్లింది. సీతారాములు ఇరవై ఏళ్ల కూతుర్ని పసిపిల్లలా ఎత్తి తిప్పాడు. సారలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే మొగుణ్ణి వదల్లేదు.

"గెలిచింది కదా! మరి అటక మీద ఏం పెట్టమంటవు?"

"పాత టీవీ పెట్టు," అన్నాడు సీతారాములు తడి కళ్లతో నవ్వుతూ. "దాని పక్కనే నా మద్దెల సామెత గూడ పెట్టు. నా బిడ్డ జోలికి మళ్ల రావద్దు అది."

లాస్య నవ్వుతూ కంట్రోలర్ తండ్రి చేతిలో పెట్టింది.