దిబ్బ మీద మేసిన గొర్రె

"చొక్కా కాస్త పైకెత్తండి," అంది తోర్గిన్, సూది చేతిలోకి తీసుకుంటూ.

"ముందు పేరు అడగరా?"

"పేరుతో నాకు పనిలేదు. మీరు నలభై ఒకటో శాంపిల్. కొంచెం పొట్టకొవ్వు కావాలి, అంతే."

"అయితే చోటు తప్పు. నా కొవ్వంతా నోట్లోనే ఉందంటుంది మా అమ్మ."

"నోట్లోంచి తీసే సూది ఇంకా రాలేదు. కదలకండి."

అతను కదలలేదు గానీ ఆమెనే చూస్తూ పడుకున్నాడు. పేరు అల్దియార్ అనీ, ఊరి బడిలో లెక్కలు చెబుతాననీ అడక్కుండానే చెప్పాడు. ఆ కజఖ్ ఊళ్లో సీసం కరిగించే కొలిమి మూతపడి ఇరవై ఏళ్లయినా మట్టిలో విషలోహాలు అలాగే ఉన్నాయి. అవి ఒంట్లో చేరితే కొవ్వు కణాలకు ఏమవుతుందన్నదే తోర్గిన్ పరిశోధన.

రెండు వారాలకు అతను రిపోర్ట్ కోసమని వచ్చాడు. రిపోర్ట్ ఫోన్లోనే చెబుతారని అతనికి బాగా తెలుసు.

"నాలోంచి తీసింది ఏం చేశారు?"

"పెంచుతున్నాను."

"కుక్కపిల్లలాగానా?"

"అదైతే పిలిస్తే పలుకుతుంది," అంటూ మైక్రోస్కోప్ చూపించింది. "మంచి కణమైతే నిండుగా నూనెబొట్టులా ఉండాలి. మీవి చూడండి, ఎంత చిన్నవో. ఒంటికి ఆకలేసినప్పుడు ఊరే హార్మోన్ పోశాను. దాచుకున్న కొవ్వును వదలాలి. వదల్లేదు. మళ్లీ పోశాను, వదల్లేదు. బతికే ఉన్నాయి గానీ ఏం చెప్పినా వినపడనట్టే కూర్చున్నాయి."

"అమ్మ పని చెబితే నేనూ అంతే."

ఆమె నవ్వలేదు. "మీ ఒంట్లో సీసం, కాడ్మియం ఊళ్లో అందరికంటే ఎక్కువున్నాయి. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అంతుపట్టడం లేదు."

అతని నవ్వు కూడా ఆగింది. మళ్లీ మైక్రోస్కోప్ మీదికి వంగి అడిగాడు. "వీటిని రోజూ చూస్తారా?"

"పొద్దున, సాయంత్రం."

"నాకంటే వాటి పనే బాగుంది."

అతను వెళ్లాక తోర్గిన్‌కు ఒళ్లు జలదరించింది. మనిషి వీధి మలుపు తిరిగి వెళ్లిపోయాడు. అతనిలోని తునక మాత్రం ఇక్కడే, కణాలు పెంచే వెచ్చని పెట్టెలో, ఊపిరి పీలుస్తోంది. పనిలేకపోయినా దాన్ని చూడ్డానికే తను మాటిమాటికీ వస్తోంది. ఇది పరిశోధన కాదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. భయమూ ప్రేమా ఒక్కసారే పట్టుకున్నాయి.

చలికాలమంతా ఏదో ఒక సాకుతో కలుసుకున్నారు. పెళ్లిమాటలు మొదలయ్యాక ఒక పొద్దున అతను తమ మందను చూపిస్తానని తీసుకెళ్లాడు.

సీసం తీశాక కొలిమిలో మిగిలిన చిట్టెం పోసిన దిబ్బ అది. చుట్టూ మోకాలిలోతు మంచు, దిబ్బ మీద మాత్రం పచ్చగడ్డి. అడుగున ఎక్కడో నిప్పు ఇంకా రాజుకుంటూనే ఉందట. ఒక్క పిట్ట అరుపు లేదు. నలభై గొర్రెలు ఒకే వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. అల్దియార్ పిలిచాడు. ఒక్కటీ చెవి కదపలేదు. కొవ్వుపట్టిన తోకలు బరువుగా వేలాడుతున్నాయి.

"ఎందుకు పలకవు ఇవి?"

"ఎప్పుడూ ఇంతే. తిండి బాగున్నవాటికి అరుపులెందుకంటుంది అమ్మ."

తోర్గిన్‌కు పెట్టెలోని కణాలు గుర్తొచ్చాయి. గుప్పెడు గడ్డి పీకి సంచిలో వేసుకుంది. ఇంటికెళితే అతని తల్లి బాల్జాన్ నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వులో చిగుళ్ల అంచునే సన్నటి నీలిగీత. సీసం గీసే గీత అది. పుస్తకంలో తప్ప తోర్గిన్ దాన్ని ఎన్నడూ చూడలేదు.

గడ్డి రిపోర్ట్ నిశ్చితార్థం రోజు పొద్దున్నే వచ్చింది. అందులో సీసం అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. అప్పటికే మగపెళ్లివారు తెచ్చిన గొర్రె తోర్గిన్ ఇంటి గుండిగలో ఉడుకుతోంది. బజార్లో కొంటామని అల్దియార్ చెప్పాడు కాబట్టి ఆమె మనసు కుదుటపరుచుకుంది.

తోకకొవ్వు, కాలేయం ముక్కలు కలిపిన పళ్లెం వచ్చింది. వియ్యాలవారు ఒకరి నోట్లో ఒకరు చేత్తో పెట్టాలి. తిన్నారంటే సంబంధం ఇక తెగదు. పెట్టిన చేతిని కాదంటే తెగినట్టే.

"బజారు గొర్రంటే పరువు తక్కువ అన్నయ్యగారూ," అంది బాల్జాన్, ముద్ద తీసి తోర్గిన్ తండ్రి మోల్దాబెక్ నోటిదగ్గర పెడుతూ. "అందుకే వీడికి కూడా చెప్పలేదు. మా దిబ్బ మీద అన్నింటికంటే బలిసినదాన్నే తెచ్చాను."

తోర్గిన్ లేచి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి వదులు పిల్లా. ఏం చేస్తున్నావో తెలుసా?"

"తెలుసు అత్తయ్యా. నాన్నా, నోరు తెరవకు. ఆ గడ్డి నిండా విషలోహాలే. అవే గొర్రె కాలేయంలో చేరతాయి. మీ అబ్బాయి ఒంట్లో ఉన్నవీ అవే. మీ చిగుళ్ల మీది గీతా వాటిదే."

"నా చేతి ముద్దకు వంక పెట్టింది," అంది బాల్జాన్ కొడుకుతో. "లే, పోదాం."

అల్దియార్ లేవలేదు. "అమ్మా, ఆమె అబద్ధం చెప్పదు. నాకు సూది గుచ్చేటప్పుడు నొప్పి పుట్టదని కూడా చెప్పలేదు."

బాల్జాన్ చేతిలో ముద్దను చాలాసేపు చూసింది.

"మీ నాన్న ఆఖర్న మంచాన పడ్డప్పుడు," అంది కొడుకుతో మెల్లగా, "ఇంకేదీ వద్దన్నాడు. బలం రావాలని రోజూ కాలేయమే పెట్టాను. ఈ దిబ్బదే. ఇదే చేత్తో."

ముద్దను పళ్లెంలో వదిలేసింది.

"మరి వీడు?" అంది బాల్జాన్, తోర్గిన్ వైపు తిరిగి.

"తిండి మారిస్తే నెమ్మదిగా తగ్గుతుంది. ఎముకల్లోది పోవడానికి ఏళ్లు పడుతుంది. నేను దగ్గరుండి చూసుకుంటాను."

"ఎన్నేళ్లు?"

"ఎన్నేళ్లయితే అన్నేళ్లు. పరిశోధన కోసం కాదు అత్తయ్యా. నాకు అతను కావాలి."

మోల్దాబెక్ బాల్జాన్ వైపు జరిగాడు. "కొండవతలి మందలోంచి ఒకదాన్ని తెప్పిస్తాను చెల్లెమ్మా. ఉడికేదాకా కూర్చోండి. ముద్ద పెట్టించుకోకుండా నేను పంపను."

బాల్జాన్ పళ్లెం దూరంగా జరిపి గుమ్మం దగ్గరికి నడిచింది. తోర్గిన్ కూజా తీసుకుని వెనకే వెళ్లి నీళ్లు పోసింది. ఆవిడ చేతులు రుద్దుకుంది. సబ్బు పెట్టి మళ్లీ రుద్దుకుంది, గోళ్ల సందుల్లో, మణికట్ల దాకా. కూజా ఖాళీ అయింది.

"చాలు అత్తయ్యా. పోయింది."

"ఇంకా పొయ్యి, కోడలా."

తోర్గిన్ కూజా నింపుకొచ్చి మళ్లీ పోసింది.