దుప్పట్లు తొక్కే రోజు

పొద్దున్నే ఎండ బాగా కాసింది. హోబర్ట్‌లో అలాంటి ఎండ కాసిన రోజును వదులుకోకూడదు కాబట్టి, ఇష్బెల్ టీ సగంలో వదిలేసి ఇంట్లో ఉన్న ఉన్ని దుప్పట్లన్నీ పెరట్లోకి మోసుకొచ్చింది. పెద్ద చెక్క తొట్టిలో సబ్బునీళ్లు నింపి, బూట్లు విప్పి, పావడా మోకాళ్ల పైకి దోపుకుని అందులోకి దిగింది. స్కాట్లాండ్ ఆడవాళ్లు దుప్పట్లు చేత్తో ఉతకరు, కాళ్లతో తొక్కుతారు. ఇక్కడికి వచ్చి పాతికేళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు.

"అమ్మా! ఇవాళే దొరికిందా నీకీ పని?" కూతురు ఎఫీ పరుగెత్తుకొచ్చింది. "మధ్యాహ్నం వాల్టర్ వాళ్లమ్మగారు వస్తున్నారని చెప్పానా లేదా?"

"మధ్యాహ్నం కదే. అప్పటికి నీకు కావలసిన దొరసానినైపోతాలే."

"పట్టుగౌను వేసుకో. ఎక్కువ మాట్లాడకు. ఒకవేళ ఆవిడ అడిగితే..."

"పెద్దింటావిడకి తోడుగా ఓడ కేబిన్‌లో కూర్చుని వచ్చానని చెప్పాలి. ఎన్నిసార్లు అప్పజెప్పించుకుంటావే!"

నవ్వుతూనే అంది గానీ కాళ్ల జోరు కాస్త తగ్గింది. ఆ ఊళ్లో ఎవరినైనా ఏమైనా అడగొచ్చు, ఏ ఓడలో వచ్చారని మాత్రం అడగకూడదు. బ్రిటిష్ సర్కారు ఖైదీలను ఓడలెక్కించి పంపేసే ఆ దూరపు ఊళ్లో సగం మంది శిక్ష పడి వచ్చినవాళ్లే మరి. ఇష్బెల్ కూడా స్కాట్లాండ్‌లోని డండీలో దొంగతనం చేసి, ఏడేళ్ల శిక్షతో ఖైదీల ఓడలో వచ్చింది. ఇక్కడ పీపాలు చేసే ఏమస్‌ని పెళ్లాడింది. ఆ సంగతి ఆవిడ చాటుకోనూ లేదు, దాచుకోనూ లేదు. దాచింది ఎఫీ. తను పెళ్లాడబోయే వాల్టర్‌ది బాత్‌వెల్ ఊరి దగ్గర వందల గొర్రెలున్న ప్రింగిల్‌గారిల్లు, అలాంటింట్లో ఖైదీ కూతుర్ని కోడలిగా ఎవరు తెచ్చుకుంటారని ఆ పిల్ల భయం.

అంతలో పెరటి గేటు కిర్రుమంది.

"ముందు తలుపు కొట్టి కొట్టి నా చెయ్యి పడిపోయింది! పాదిరీగారి బండి దొరికితే పొద్దున్నే బయల్దేరి వచ్చేశాను," అంటూ లావుపాటి పెద్దావిడ లోపలికొచ్చింది. వాల్టర్ తల్లి, మిసెస్ ప్రింగిల్. ఆవిడ చూపు నురగలో మోకాళ్ల దాకా మునిగిన మనిషి మీద ఆగింది. "ఈవిడెవరు?"

ఎఫీ చూపు తిప్పేసుకుంది. "మా... మా బట్టలుతికే మనిషండీ."

పక్క కొట్టంలో పీపా బిగిస్తున్న ఏమస్ సుత్తి వదిలేసి నోరు తెరిచాడు. ఇష్బెల్ ఆయన వంక ఒక్క చూపు చూసింది. ఆయన నోరు మూసుకున్నాడు.

"అవునమ్మగారూ. ఇంటావిడ పైన ముస్తాబవుతున్నారు. ఆ ముస్తాబు ఓ పట్టాన తేలదు," అని ఇష్బెల్ మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

మిసెస్ ప్రింగిల్ బోర్లించిన పీపా మీద కూర్చుంది. "ఆ తొక్కుడు చూస్తే మన స్కాట్లాండ్ మనిషివే. ఏ ఊరు?"

"డండీ."

"ఎలా వచ్చావు?" అడగకూడని మాట అడిగేసిందావిడ.

"సర్కారు ఖర్చుతో."

"ఏం చేశావేమిటి?"

"దుప్పటి దొంగిలించానండీ."

"దుప్పటి దొంగిలించి, ఇంత దూరమొచ్చి దుప్పట్లు ఉతుకుతున్నావా!"

"నా మొగుడూ రోజూ ఇలాగే దెప్పుతాడు," అంది ఇష్బెల్. ఏమస్ గోడవైపు తిరిగి దగ్గాడు. "మా అమ్మకి జ్వరం. చలికి వణికిపోతోంది. ఎదురింటి తీగ మీద ఆరేసిన దుప్పటి తెచ్చి కప్పాను. తెల్లారేసరికి పట్టుకున్నారు."

"పాపం, ఆ తల్లి సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయి ఉంటుంది."

"మా అమ్మా?" ఇష్బెల్ పకపకా నవ్వింది. "నన్ను బండెక్కించిన రోజు వీధి వీధంతా చేరి కేకలేసి వెక్కిరించారు. మా అమ్మ వాళ్లందర్నీ తోసుకుని ముందుకొచ్చి, 'అది నా కూతురు! ఆ ఎర్రజుట్టు పిల్ల, నా కూతురు!' అని అరిచింది. బండి మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉంది. మళ్లీ ఆవిణ్ణి చూడలేదు."

ఈ మాట ఎఫీ పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు. జ్వరంతో వణుకుతూ జనం మధ్య నిలబడి అరిచిన ఆ అమ్మమ్మ కళ్లముందు కదిలింది. ఎఫీ తొట్టి దగ్గరికొచ్చి తల్లి భుజం పట్టుకుంది.

"ఈవిడ మా అమ్మండీ," అంది. "కేబినూ, పెద్దింటావిడా అన్నీ నేనాడిన అబద్ధాలు. వాల్టర్‌కి నేనే చెప్పుకుంటాను. మీరు వద్దన్నా సరే, ఈవిడ మా అమ్మ."

మిసెస్ ప్రింగిల్ తాపీగా బూటు తాళ్లు విప్పుతోంది. "తెలుస్తూనే ఉందిలే. ఉతికే మనిషికి నీ ముక్కెలా వచ్చిందా అని ఇందాకట్నుంచీ చూస్తున్నా. నాకు ఖైదీలంటే భయం లేదమ్మాయ్, మా ఇంట్లో వంట చేసేదీ వాళ్లే. కన్నతల్లిని పనిమనిషిని చేసిన పిల్లని ఇంటికెలా తీసుకెళ్లనా అని మథనపడుతున్నాను. ఇంకో నిమిషం ఆగుంటే లేచి వెళ్లిపోయేదాన్ని."

ఆవిడ పావడా దోపుకుని తొట్టిలో కాలు పెట్టింది. "జరగండి వదినగారూ. మా పనివాళ్లంతా ఇంగ్లీషువాళ్లు. దుప్పట్లని చేత్తో రుద్దుతుంటే చూడలేక చస్తున్నాను."

"అమ్మగారూ, ఆ తొట్టి అంత బరువుకి చేసింది కాదు!" ఏమస్ కంగారుపడ్డాడు.

"తిమింగలం నూనె మోసే పీపాలు చేస్తారట. నన్ను మొయ్యదా?"

ఎఫీ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి వెక్కివెక్కి ఏడ్చింది. "నన్ను క్షమించమ్మా."

"ఏడిస్తే ఏడు గానీ, తొక్కుతూ ఏడు," అంది ఇష్బెల్. ఎఫీ కూడా బూట్లు విప్పి దిగింది. నీళ్లు సగం నేలపాలయ్యాయి.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఏమిటే ఎఫీ ఆ గోల? ఎండకి కళ్లు కనబడి చావట్లేదు, ఎవరే వాళ్లు?"

"మా అమ్మ!" ఎఫీ అరిచింది. గోడ అవతలికి వినబడడానికి అంత గట్టిగా అరవక్కర్లేదు. "ఆ ఎర్రజుట్టావిడ, మా అమ్మ!"

ఇష్బెల్ జుట్టు సగం ఎప్పుడో నెరిసిపోయింది. ఆవిడ తొక్కడం ఆపి, సబ్బు చేత్తోనే కళ్లు తుడుచుకుంది.